బ్రేక్ పెడల్ మెత్తబడిందా? పని మొదలుపెట్టే ముందు

- కారు కదపవద్దు. కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కి పరీక్షిద్దామని అసలే అనుకోవద్దు.
- చదునైన నేల, చక్రాలకు అడ్డు రాళ్లు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టండి.
- బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గితే పోసి ఊరుకోవద్దు. ప్యాడ్లు అరిగాయా, చక్రాల లోపలివైపు తడి ఉందా చూడండి. మట్టం సరిగానే ఉంటే గొట్టాల్లో గాలిని, మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను చక్రాలవైపు నెట్టే భాగం) రబ్బర్లను అనుమానించాలి.
- కారులోని బ్రేక్ ఆయిల్ తొట్టి మూతపై డాట్ 4 (బ్రేక్ ఆయిల్ రకం) అని ఉంటే అదే, సీలు తీయని డబ్బాలోంచే పోయాలి. ఇది గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్తది 230 డిగ్రీల వరకు మరగదు. తేమ చేరితే 155 దగ్గరే మరగవచ్చు. ఘాట్ దిగుతుండగా అలా మరిగితే పెడల్ నేలకంటుతుంది. ఈ ఒక్క విషయంలో పొదుపు వద్దు.
- కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి. కారు రంగుపై ఆయిల్ ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి.