చైనాలో కొత్త పేట – రెండో పాఠం: చిరునామా, ప్రహరీ చుట్టూ ప్రదక్షిణ, కూరగాయల బజారు

మొదటి పాఠంలో అద్దె ఒప్పందం, పోలీసు నమోదు గురించి చెప్పుకున్నాం. హోటల్లో కాకుండా ఇంట్లో దిగిన విదేశీయులు 24 గంటల్లోగా ఆ పేట పోలీసు ఠాణాలో నమోదు కావాలి. కాకపోతే 2000 యువాన్ల దాకా జరిమానా పడవచ్చు. ఆ నమోదు చీటీ ఇంకా చేతికి రాకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆ పని చూసుకోండి. వచ్చినవాళ్లు పాస్‌పోర్టు, ఒకటి, అయిదు, పది యువాన్ల నోట్లు కొన్ని జేబులో పెట్టుకోండి. ఉదాహరణలు షాంఘై నుంచి ఇస్తున్నాం. వేరే ఊళ్లో తేడా ఉంటే అక్కడే చెబుతాం.

చిరునామా చదవడం

మన చిరునామా ఇంటి నంబరుతో మొదలై వీధి, ఊరు, జిల్లా, రాష్ట్రం అంటూ పెద్దదవుతూ పోతుంది. చైనా చిరునామా దీనికి తలకిందులు. ముందు నగరం, తర్వాత జిల్లా, రోడ్డు, చివర్న మీ గది. కాబట్టి అద్దె ఒప్పందంలో మీ ఇంటి వివరం కోసం వరస చివర చూడండి.

షాంఘైలో ఆ చివరి భాగం ఎక్కువగా ఇలా ఉంటుంది: ఫలానా రోడ్డు, 385 లోంగ్, 12 హావ్, 502 షి. లోంగ్ అంటే సందు. ఇప్పుడు చాలాచోట్ల అది ప్రహరీ, గేటు ఉన్న అపార్టుమెంట్ల సముదాయం. 385 అనేది రోడ్డు మీద ఆ సముదాయం నంబరు. 12 హావ్ లోపలి భవనం నంబరు. 502 షి మీ ఫ్లాటు. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. టాక్సీ డ్రైవరుకు రోడ్డు పేరు చెప్పి, లోంగ్ వదిలేసి "12 హావ్" అంటారు. అతను రోడ్డు మీద 12వ నంబరు దగ్గర దింపుతాడు. అది మీ గేటుకు కిలోమీటరు దూరం ఉండొచ్చు. 385 లోంగ్ అన్న మాట ముందు రావాలి. బీజింగ్ వంటి ఊళ్లలో లోంగ్ బదులు సముదాయం పేరు, భవనం, తాన్‌యువాన్, ఫ్లాటు అని రాస్తారు. తాన్‌యువాన్ అంటే ఒకే భవనంలో ఒక్కో మెట్లదారి భాగం. ఒక తాన్‌యువాన్‌లోంచి పక్కదానిలోకి లోపలి నుంచి దారి ఉండకపోవచ్చు. అప్పుడు కిందికి దిగి మళ్లీ ఎక్కాల్సిందే.

అంతస్తుల లెక్క కూడా వేరు. మనం గ్రౌండ్ ఫ్లోర్ అనేదాన్ని అక్కడ ఒకటో అంతస్తు అంటారు. అంటే 502 మన లెక్కలో నాలుగో అంతస్తు. లిఫ్టులో కొన్నిచోట్ల 4 ఉండదు. చైనా భాషలో నాలుగు, చావు అన్న మాటలు దాదాపు ఒకేలా వినబడతాయి.

రోడ్డు పేరులో దిక్కును వదిలేయకండి. నాన్‌జింగ్ తూర్పు రోడ్డు, నాన్‌జింగ్ పడమటి రోడ్డు రెండూ ఒకే దారి కొనసాగింపే అయినా ఇంటి నంబర్లు రెండింటికీ విడివిడిగా మొదలవుతాయి.

దిక్కులు పలకడం

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక మేలు ఉంది, దాన్ని వాడుకోండి. వీధి బోర్డు మీద రోమన్ లిపిలో కనిపించే బి, డి, జి అక్షరాలు నిజానికి మన ప, త, క లకు దగ్గర. పి, టి, కె లు ఫ, థ, ఖ లు. ఇక్కడ ఫ అంటే ప కు ఊపిరి జోడించింది, "ఫ్యాను"లో పలికేది కాదు. జె అక్షరం "చీమ"లోని చ, క్యూ అక్షరం ఛ. జెడ్ అక్షరం "చాలు", "చాప" అన్నప్పుడు పళ్ల దగ్గర పలికే చ. పాత పుస్తకాల్లో దానికి ౘ అని వేరే అక్షరం కూడా ఉంది. సి అక్షరం దానికే ఊపిరి కలిపింది. ఎక్స్ అక్షరం మన శ.

ఈ లెక్కన తూర్పు తుంగ్, దక్షిణం నాన్, పడమర శీ, ఉత్తరం పెయ్. గేటు మన్. ఉత్తరపు గేటు పెయ్‌మన్. ఈ అయిదు మాటలు ఈ రాత్రికి వచ్చేయాలి. పార్సిలు తెచ్చే కుర్రాడు ఫోన్లో అడిగేది ఏ గేటు దగ్గర అనే. మన్ అక్షరం చూడగానే గుర్తుపట్టొచ్చు: ద్వారబంధం ఆకారం, ఎడమ పైమూలన ఒక చుక్క. ఖాళీ చతురస్రంలా ఉండే అక్షరానికి అర్థం నోరు, దారి. దాని ముందు త్రిశూలాలు ఒకదానిపై ఒకటి పెట్టినట్టుంటే బయటికి, తలకిందుల వి ఆకారం ఉంటే లోపలికి.

మ్యాపు

గూగుల్ మ్యాప్ అక్కడ మామూలుగా తెరుచుకోదు. తెరిచినా నమ్మొద్దు. చైనా పటాలు జీసీజే-02 అనే, కావాలని కొంత జరిపిన కొలమానంలో గీస్తారు. మామూలు జీపీఎస్ బిందువును అలాగే వాటిమీద పెడితే కొన్ని వందల మీటర్లు పక్కకు పోతుంది. కాలువ అవతల ఉన్నట్టు చూపిస్తుంది. గావ్‌ద, బైదు అనే చైనా మ్యాప్ యాప్‌లలో ఏదో ఒకటి వేసుకోండి. ఐఫోన్‌లో ఆపిల్ మ్యాప్ కూడా చైనాలో గావ్‌ద సమాచారంతోనే నడుస్తుంది. ఒప్పందంలోని చైనా అక్షరాల చిరునామాను కాపీ చేసి వెతకండి. మ్యాపులో ఇంటి గుర్తు పెట్టేటప్పుడు మీ భవనం మీద కాదు, గేటు మీద పెట్టండి. ఇది తప్పనిసరి. భవనం మీద పెడితే యాప్ దగ్గరి దారి పట్టుకుని, తాళం వేసి ఉండే వెనక గేటుకు తీసుకెళ్తుంది.

మొదటి నడక: ప్రహరీ చుట్టూ

పగటిపూట, వాన లేనప్పుడు బయల్దేరండి. ప్రదక్షిణ చేసినట్టే గోడ కుడిచేతి వైపు ఉండాలి. మీ సముదాయం ఉన్న బ్లాకంతా చుట్టాలి, ఒక్క రోడ్డు కూడా దాటకూడదు. దాటకపోతే దారి తప్పే వీలే లేదు, మొదలుపెట్టిన చోటికే వస్తారు. కాగితం మీద ఒక చతురస్రం గీసి, గేటు ఎక్కడ కనబడితే అక్కడ గీత పెట్టండి. ఒక్కో గేటు దగ్గర చూడాల్సినవి మూడు: మనుషులకా వాహనాలకా, కార్డుతో తెరుచుకుంటుందా, రాత్రి మూసే వేళ ఏదైనా రాసి ఉందా.

కాలిబాట మీద ఎలక్ట్రిక్ స్కూటర్లు చప్పుడు లేకుండా, రెండు వైపుల నుంచీ వస్తాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. రేపటి నుంచి రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమకు చూడాలి. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి. మన అలవాటు మెడను కుడికి తిప్పుతుంది, ప్రమాదం అక్కడే. పచ్చదీపం ఉన్నా కుడికి మళ్లే కార్లు మీ దారికి అడ్డంగా వస్తాయి.

తిరిగొచ్చాక లోపల చెత్త డబ్బాల చోటు చూడండి. 2019 జూలై 1 నుంచి షాంఘైలో వేరు చేయడం తప్పనిసరి. తడి చెత్త గోధుమరంగు డబ్బా, పొడి చెత్త నలుపు, మళ్లీ వాడదగ్గవి నీలం, బ్యాటరీలు, మందుల వంటివి ఎరుపు. చాలాచోట్ల పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపే తెరుస్తారు. ఆ వేళలు బోర్డు మీద ఉంటాయి, ఫొటో తీసుకోండి. చెప్పినా వేరు చేయకపోతే 50 నుంచి 200 యువాన్ల జరిమానా.

రెండో నడక: బజారు

పొద్దున ఏడింటికి వెళ్లండి, ఆకుకూర తాజాగా ఉంటుంది. ధరలు కిలోకు కాదు, చిన్‌కు రాస్తారు. చిన్ అంటే 500 గ్రాములు. పదో వంతు ల్యాంగ్, అంటే 50 గ్రాములు. బోర్డు మీద 6 అని ఉంటే కిలో 12 యువాన్లు. పచ్చిమిరపకాయలు, అల్లం ల్యాంగ్‌లలో అడగండి. రెండు చిన్‌లు కావాలంటే "ల్యాంగ్ చిన్" అనాలి, రెండు ల్యాంగ్‌లు కావాలంటే "అర్ ల్యాంగ్" అనాలి. రెండుకు రెండు మాటలున్నాయి, కొన్నాళ్లు తడబడతారు, ఫర్వాలేదు. అమ్మేవాళ్లు బొటనవేలు, చూపుడువేలు చాపితే అది రెండు కాదు, ఎనిమిది. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు.

తోటకూర శ్యెన్‌త్సాయ్, కొత్తిమీర శ్యాంగ్‌త్సాయ్. చివరి "న్", "ంగ్" తేడా పలక్కపోతే చారులోకి కొత్తిమీర అడిగి తోటకూర కట్టతో ఇంటికొస్తారు. ఉప్పులో ఊరవేసిన ఆకుకూరనూ శ్యెన్‌త్సాయ్ అనే అంటారు, పలికేటప్పుడు గొంతు ఎత్తే, దించే తీరు ఒక్కటే వేరు. కాబట్టి వేలితో చూపించి అడగండి. వంకాయ, కాకర, నేతిబీర, అల్లం, వెల్లుల్లి అన్నీ ఉంటాయి. కాకర మనదానికంటే లేతరంగులో, నున్నగా ఉంటుంది, చేదు తక్కువ. కరివేపాకు మామూలు బజారులో దొరకదు.

డబ్బు ఇవ్వడానికి అలిపే అనే ఫోను చెల్లింపుల యాప్‌కు వీసా లేదా మాస్టర్ కార్డు జోడించాలి. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ చెల్లింపులు మూసే ఉంటాయి, బజారుకు బయల్దేరకముందే బ్యాంకు యాప్‌లో తెరిపించుకోండి. విదేశీ కార్డుతో ఒక్కో చెల్లింపు 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుము పడుతుంది. కొందరు చిన్న వ్యాపారులు తమ సొంత ఖాతా క్యూఆర్ పెట్టుకుంటారు. దానికి విదేశీ కార్డు పనిచేయకపోవచ్చు. జేబులో చిల్లర పెట్టుకోమన్నది అందుకే.

వచ్చే వారంలోగా చేయాల్సింది

మీ చతురస్రం మీద గేట్లు, దగ్గరి మెట్రో ద్వారం నంబరు, ఆకుపచ్చ సిలువ గుర్తున్న మందుల దుకాణం, పార్సిళ్లు తీసుకునే గది గుర్తించండి. 110 పోలీసు, 119 అగ్నిమాపకం, 120 అంబులెన్సు అని పక్కన రాయండి. చైనా అక్షరాల చిరునామాను తెల్లకాగితం మీద పెద్దగా రాసి ఫోను కవరు వెనక పెట్టండి, చార్జింగ్ అయిపోయిన రాత్రి టాక్సీ డ్రైవరుకు అదే చూపించాలి. మూడో పాఠంలో పార్సిలు సంకేత సంఖ్య చదవడం, అల్మారాలోంచి సరైన పెట్టె తీసుకోవడం చేద్దాం. అప్పటికి మీ పేరు మీద ఒక చిన్న పార్సిలైనా తెప్పించి ఉంచండి.