ఫ్రెంచి వైన్ రుచి – 4వ పాఠం: షబ్లీ పక్కన మెర్సో

ఎర్ర వైన్లలో టానిన్ అనే వగరు పదార్థం చిగుళ్లను ఎలా పట్టేస్తుందో పోయినసారి చూశాం. ఇప్పుడు తెల్లవాటిలో పులుపు. ఒక షబ్లీ, ఒక మెర్సో తీసుకోండి. రెండూ ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతానివే, రెండూ పూర్తిగా షార్డొనే ద్రాక్షతో చేసినవే. సీసా మీద మాత్రం మామూలుగా ఊరి పేరే ఉంటుంది. మెర్సో ధర చూసి గుండె గుభేలుమంటే, ఓక్ పీపాలో ఉంచిన మామూలు బర్గండీ తెల్ల వైన్‌తో సరిపెట్టుకోండి.

ఫ్రిజ్‌లోంచి తీయగానే పోయొద్దు. మరీ చల్లగా ఉంటే వాసన బయటికి రాదు. పావుగంట ఆగండి, మన మే నెలలో అయితే పది నిమిషాలే ఎక్కువ.

ముందు షబ్లీ. గ్లాసు తిప్పి వాసన చూడండి: నిమ్మ, పచ్చి యాపిల్, తడిసిన రాయి. ఓ గుక్క నోరంతా తిప్పి ఉమ్మేయండి. మొహమాటం వద్దు, ఈ పనిలో ఉన్నవాళ్లంతా ఉమ్మేస్తారు. ఇక నోరు మూసుకుని గమనించండి. పచ్చి మామిడికాయ కొరికినప్పటిలా దవడల పక్కన నీళ్లు ఊరతాయి. అవి ఎంతసేపు ఊరితే పులుపు అంత ఎక్కువ. నాలుకను అడిగితే లాభం లేదు, కాస్త తీపి తగిలినా పులుపు తగ్గిందంటుంది.

తర్వాత మెర్సో. రంగులోనే కొంత బంగారు ఛాయ. వెన్న, వేయించిన హేజిల్‌నట్ వాసన. నోట్లో ఒత్తుగా ఉంటుంది, నీళ్లు తక్కువ ఊరతాయి.

షబ్లీ మెర్సోకు వాయవ్యంగా వంద కిలోమీటర్లకు పైనే ఉంది. అక్కడ చలి ఎక్కువ, అందుకే ద్రాక్ష పండినా పులుపు నిలుస్తుంది. ఆ సున్నపురాతి నేలలో రాయిగా మారిన ఆల్చిప్పలుంటాయి. వాటి రుచే వైన్‌లోకి దిగుతుందంటారు, నేను నమ్మను. షబ్లీ ఎక్కువగా స్టీలు ట్యాంకుల్లో తయారవుతుంది, మెర్సో 228 లీటర్ల ఓక్ పీపాల్లో. ఇక్కడే చాలామంది పొరబడతారు. వెన్న వాసన రావడానికి ఒక కారణం, పదునైన మాలిక్ ఆమ్లం మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారడం. ఆ మార్పు షబ్లీల్లోనూ చాలావాటికి జరుగుతుంది. కాబట్టి వెన్న వాసన లేదు కదా అని ఆ మార్పే జరగలేదని రాసుకోవద్దు.

ఇప్పుడు మళ్లీ షబ్లీ తాగి చూడండి. ఇందాకటి కంటే పలచగా, పదునుగా తోస్తుంది. వైన్ మారలేదు, వరస మారింది. అందుకే రెండు వరసల్లోనూ చూసి, నోట్సు విడివిడిగా రాయండి.

హోంవర్క్: ఇంట్లో ఎవరిచేతైనా మీరు చూడకుండా పోయించుకుని, వాసనతోనే ఏది ఏదో చెప్పండి. వచ్చే పాఠానికి బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్లు మేదోక్, సెంతెమిలియోఁ సీసాలు ఒక్కోటి సిద్ధం చేసుకోండి.