పెళ్లి మీద గ్రీన్‌కార్డు, మూడో పాఠం: తేదీల పట్టీ రాసుకోవడం

కిందటి రెండు పాఠాల్లో ఎవరికి ఏ దారి వర్తిస్తుందో, పుట్టిన తేదీ కాగితాలు ఎలా సరిచూసుకోవాలో చెప్పుకున్నాం. ఈ పాఠం విజిటర్ వీసా మీద అమెరికా వెళ్లి, అక్కడ పెళ్లయ్యాక వెనక్కి రాకుండానే గ్రీన్‌కార్డుకు పెట్టుకోవాలనుకునే వాళ్ల కోసం. ఫారాల జోలికి ఇంకా వెళ్లొద్దు. ఒక తెల్లకాగితం, ఒక పెన్ను తీసుకోండి, చాలు.

మన జిల్లాల్లో సంబంధం కుదిరిన ఇంట్లో ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "ముందు టూరిస్టు వీసా మీద పంపించేయండి బావగారూ, మిగతాది అక్కడే అయిపోద్ది." ఈ మాటలో సగం నిజముంది. పిల్లల్ని ప్రమాదంలో పడేస్తున్నది మిగతా సగం. అమెరికా పౌరుడి భార్య గానీ, పౌరురాలి భర్త గానీ సరైన వీసాతో, అధికారి ముందు నిలబడి దేశంలోకి వచ్చి ఉంటే, అక్కడి నుంచే ఐ-130 (భార్య కోసమో భర్త కోసమో పౌరులు పెట్టే అర్జీ), ఐ-485 (అమెరికాలో ఉండే గ్రీన్‌కార్డు అడిగే దరఖాస్తు) ఫారాలు కలిపి వేసుకోవచ్చు. చట్టం అందుకు ఒప్పుకుంటుంది. అయితే అక్కడే ఉండిపోవాలని ముందే నిర్ణయించుకుని, వీసా ఆఫీసరుకు "చూసి వచ్చేస్తాను" అని చెప్పి వెళ్లడాన్ని మాత్రం అబద్ధం కిందే లెక్క కడుతుంది. అబద్ధం చెప్పారని తేలితే జీవితాంతం గ్రీన్‌కార్డుకు అనర్హులవుతారు. మినహాయింపు కోరే దారి ఉంది గానీ, మీరు రాకపోతే అక్కడున్న భర్తకో భార్యకో తీవ్రమైన కష్టం కలుగుతుందని రుజువు చేయాలి. అది తేలిక కాదు.

ఇంకో సంగతి. మీవాళ్లు హెచ్-1బి మీద ఉంటే ఈ పాఠం మీకు వర్తించదు, మీ దారి హెచ్-4, అంటే హెచ్-1బి వాళ్ల భార్యాభర్తలకు ఇచ్చే వీసా. గ్రీన్‌కార్డు ఉండి పౌరసత్వం ఇంకా రాని వాళ్ల భార్యాభర్తలు వీసా నంబరు కోసం వరసలో ఆగాలి. ఆ నంబరు వచ్చేదాకా విజిటర్ గడువు సాధారణంగా ఆగదు.

ఇప్పుడు పట్టీ రాద్దాం. రాజాం అమ్మాయి ఒకర్ని ఊహించుకుందాం. ఆమె కాగితం ఇలా ఉంటుంది:

12 ఫిబ్రవరి 2024: హైదరాబాద్‌లో విజిటర్ వీసా ఇంటర్వ్యూ. ఎందుకు వెళ్తున్నారంటే, అక్క పురుడు అని చెప్పాను. పెళ్లయిందా అంటే లేదన్నాను.
3 జూన్ 2024: అమెరికాలో దిగాను. విమానాశ్రయంలో ఎన్నాళ్లుంటారని అడిగారు. నాలుగు నెలలన్నాను. తిరుగు టికెట్ ఉంది.
ఆగస్టు 2024: అక్క వాళ్ల స్నేహితుల ఇంట్లో అబ్బాయితో పరిచయం. అతను పౌరుడు.
10 అక్టోబర్ 2024: కౌంటీ ఆఫీసులో పెళ్లి.
4 నవంబర్ 2024: దరఖాస్తు.
2 డిసెంబర్ 2024: ఐ-94 గడువు (దిగినప్పుడు ఉండటానికి ఇచ్చిన ఆఖరి తేదీ).

ఈ కాగితం దానంతటదే మాట్లాడుతుంది. వీసా అడిగిన రోజున ఆమె చెప్పినదంతా నిజం. పరిచయం తర్వాత జరిగింది, గడువు లోపలే దరఖాస్తు పడింది. ఇంటర్వ్యూలో ఎవరు ఏం అడిగినా తడుముకోనక్కర్లేదు.

ఇప్పుడు నరసన్నపేట అమ్మాయి కాగితం చూడండి. జనవరిలో నిశ్చితార్థం, ఫొటోలు ఫేస్‌బుక్‌లో ఉన్నాయి. ఫిబ్రవరిలో వీసా ఇంటర్వ్యూలో "టూరిజం" అంది. వీసా దరఖాస్తు ఫారం డిఎస్-160లో అమెరికాలో దగ్గరివాళ్లు ఉన్నారా అని అడిగే చోట, కాబోయే భర్త కూడా ఆ లెక్కలోకే వస్తాడు. అక్కడ ఆమె "లేరు" అని పెట్టింది. మే నెలలో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, జూన్‌లో దిగిన మూడో వారంలోనే పెళ్లి చేసుకుంది. ఏ లాయరు రాసినా ఈ తేదీల వరస మారదు. ఇలాంటి కాగితం మీదైతే ఫారం వేయకముందే మంచి ఇమ్మిగ్రేషన్ లాయరుకు చూపించండి. ఆయన దగ్గర ఒక్క తేదీ కూడా దాచొద్దు.

తొంభై రోజుల లెక్క గురించి చాలామంది అడుగుతున్నారు. అది అమెరికా విదేశాంగ శాఖ 2017లో తన వీసా అధికారులకు ఇచ్చిన సూచన. దేశంలోకి వచ్చిన తొంభై రోజుల లోపే వీసాకు పొసగని పని చేస్తే, అంటే విజిటర్‌గా వచ్చి పెళ్లి చేసుకుని కాపురం పెట్టేస్తే, ముందు చెప్పింది అబద్ధమని అనుకోవచ్చని దాని సారం. గ్రీన్‌కార్డు దరఖాస్తు చూసే యూఎస్‌సీఐఎస్ ఆ సూచనకు కట్టుబడి ఉండనక్కర్లేదు, ప్రతి కేసునూ విడిగా చూస్తుంది. అందుకని తొంభై ఒకటో రోజు పెళ్లి పెట్టుకుంటే గండం గడిచినట్టే అనుకోకండి. అబద్ధం అబద్ధంగానే ఉంటుంది. నిజం చెప్పి వెళ్లిన వాళ్లు నలభయ్యో రోజు పెళ్లి చేసుకున్నా, జరిగింది జరిగినట్టు వివరించుకోగలరు.

పట్టీలో మనవాళ్లు ఎక్కువగా వదిలేసే తేదీ ఊళ్లో జరిగిన పెళ్లి. ఆమదాలవలస కల్యాణమండపంలో పెళ్లవుతుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించరు. "ఇంకా రిజిస్టర్ కాలేదు కదా, అవివాహిత అనే పెట్టేద్దాం" అంటారు. ఇది చాలా ప్రమాదం. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను ప్రకారం ఆచారం ప్రకారం జరిగితే పెళ్లి పూర్తయినట్టే. సప్తపది ఉన్న చోట ఏడో అడుగుతో పూర్తవుతుంది. రిజిస్ట్రేషన్ చేయించనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదని ఎనిమిదో సెక్షను చెబుతోంది. అంటే మండపంలో తాళి కట్టించుకుని వచ్చిన అమ్మాయి వీసా ఫారంలో అవివాహితనని రాస్తే అది తప్పుడు సమాచారం. పందిట్లో తీసిన వీడియోయే దానికి సాక్ష్యం. ఆ తర్వాత కౌంటీలో మళ్లీ పెళ్లి చేసుకుని అదే మొదటి పెళ్లని చూపిస్తే ముడి ఇంకా బిగుస్తుంది.

ఊళ్లో పెళ్లయిపోయి, మీవాళ్లు పౌరులైతే దయచేసి విజిటర్ వీసా ఆలోచన మానుకోండి. పెళ్లి నమోదు చేయించి, అక్కడి నుంచి ఐ-130 వేయించి, ముంబయి కాన్సులేట్ ఇంటర్వ్యూ దారిలో వెళ్లండి. ఆలస్యమవుతుంది, ఎడబాటు ఉంటుంది. పెళ్లయిన కొత్తలో అది ఎంత బరువో నాకు తెలుసు. అయినా అబద్ధం మీద మొదలైన ఫైలు మోయడం కంటే అదే నయం.

ఐ-94 గడువు దగ్గర ఇంకో తికమక. పాస్‌పోర్టులో వీసా పదేళ్లకుంది కాబట్టి పదేళ్లు ఉండొచ్చని కొందరి నమ్మకం. వీసా మీది తేదీ తలుపు దగ్గరికి వెళ్లడానికి. లోపల ఎన్నాళ్లుండాలో చెప్పేది ఐ-94, విజిటర్‌కు సాధారణంగా ఆరు నెలలు. కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వెబ్‌సైటులో పాస్‌పోర్టు నంబరు కొట్టి ప్రింటు తీసుకోవచ్చు. పౌరుల భార్యాభర్తలకు ఈ గడువు దాటినా ఐ-485 వేసుకునే వీలుంది. దాన్ని ధీమాగా తీసుకోవద్దు. గడువు దాటి, ఏ దరఖాస్తూ లేకుండా 180 రోజులకు మించి ఉండి దేశం విడిస్తే మూడేళ్లు, ఏడాది లేక అంతకు మించి ఉండి విడిస్తే పదేళ్లు తిరిగి రానివ్వరు. ఐ-485 సరిగ్గా దాఖలైన రోజు నుంచి ఆ లెక్క ఆగుతుంది.

దరఖాస్తు నడుస్తుండగా ఊరికి రావడం గురించి గట్టిగా చెప్పాలి. నాన్నకు బాగోలేదనో, తమ్ముడి పెళ్లనో ఫోన్ వస్తుంది. ప్రాణం లాగేస్తుంది. ఐ-131 ద్వారా ముందస్తు ప్రయాణ అనుమతి చేతికి రాకుండా విమానం ఎక్కితే ఐ-485ను మీరే వదులుకున్నట్టు లెక్క. అందుకే ఐ-485తో పాటే ఐ-131, పని అనుమతికి ఐ-765 వేసేయండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. అప్పుడు ఆ ఫోన్ చేసేటప్పుడు వాళ్లూ ఆలోచిస్తారు.

మిగతా కాగితాలు వచ్చే పాఠంలో వివరంగా చూద్దాం. మీ జీవిత భాగస్వామి ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం ఉందని చూపే ఐ-864, అక్కడి అధీకృత డాక్టరు సీలు వేసి ఇచ్చే వైద్య పరీక్ష ఫారం ఐ-693, ఇద్దరి పేరు మీద ఇంటి అద్దె, బ్యాంకు ఖాతా. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లిషు అనువాదం, అనువదించిన వాళ్ల ధ్రువీకరణ కావాలి. ఫీజులు మారుతుంటాయి కాబట్టి పంపే రోజున యూఎస్‌సీఐఎస్ సైటులో చూసి కట్టండి.

మనవాళ్లకు మాత్రమే ఉండే ఒక చిక్కు ఇక్కడే చెప్పేస్తాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. పాత పాస్‌పోర్టులో పుట్టిన జిల్లా శ్రీకాకుళమని, కొత్తగా తీసుకున్న సర్టిఫికెట్‌లో విజయనగరమని ఉంటే కంగారు పడకండి. జిల్లాల పునర్విభజన జరిగిందని, ఊరు అదేనని నాలుగు వాక్యాల్లో వివరణ రాసి, తేదీల పట్టీ వెనకే పెట్టండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉంటే వాటిని కూడా అదే కాగితంలో ఎక్కించండి.

ఈ వారం అభ్యాసం: మీ పట్టీ మీరు రాయండి. భార్యాభర్తలు ఒకరిది ఒకరు చూడకుండా విడివిడిగా రాయండి. మొదటి పరిచయం, నిశ్చితార్థం, పెళ్లి, వీసా ఇంటర్వ్యూ, అక్కడ అడిగింది, చెప్పింది, దిగిన రోజు, ఐ-94 గడువు, అన్నీ ఉండాలి. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న చోట పాత మెసేజీలు, టికెట్లు, శుభలేఖ తీసి ఏది నిజమో తేల్చుకోండి. గుర్తులేని తేదీని ఊహించి నింపకండి, ఖాళీగా వదిలి పక్కన నెల మాత్రం రాయండి. వచ్చే పాఠంలో ఆ పట్టీ దగ్గర పెట్టుకునే ఐ-130 మొదటి పేజీ మొదలుపెడతాం.