జర్మనీ స్మారక నాణేలను పరిశీలించి కొనే పద్ధతి

జర్మనీ స్మారక నాణేన్ని కొనే ముందు దాని సంవత్సరాన్ని, ముఖవిలువను, టంకశాల అక్షరాన్ని చదవాలి. ఏ అనే అక్షరం బెర్లిన్‌ను, డి మ్యూనిక్‌ను, ఎఫ్ స్టుట్‌గార్ట్‌ను, జి కార్ల్స్‌రూయెను, జె హాంబుర్గ్‌ను సూచిస్తాయి.

అన్నిటికంటే లోహం విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ కోసం వెలువడిన 10 మార్కుల (యూరోకు ముందున్న జర్మనీ ద్రవ్యం) నాణెం 15.5 గ్రాములు తూగినా, వెండి వెయ్యికి 625 పాళ్లే కనుక అందులో అసలు వెండి సుమారు 9.7 గ్రాములు మాత్రమే. ఆ వరుసలో మొదటి నాణెంపై ‘జర్మనీలో’ అని ఉండగా, అప్పట్లో వేరే దేశంగా ఉన్న తూర్పు జర్మనీ అభ్యంతరం తెలిపాక దాన్ని ‘మ్యూనిక్‌లో’ అని మార్చి మళ్లీ ముద్రించారు. చరిత్రను ఇంత స్పష్టంగా మోసే ఈ జంటను కలిపి సేకరించడమే మేలని నా అభిప్రాయం. 2012 నుంచి 2015 వరకు వచ్చిన 10 యూరోల నాణేలలో సాధారణ ముద్రణవి రాగి, నికెల్ మిశ్రమంతో చేసినవి, ప్రూఫ్ ముద్రణవి, అంటే సేకర్తల కోసం అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా ముద్రించినవి, మాత్రమే వెండివి. కాబట్టి వెండి ధర చెల్లించే ముందు ముద్రణ రకాన్ని నిర్ధారించుకోవాలి.

2002లో మొదలైన 100 యూరోల బంగారు నాణెం 15.55 గ్రాములు, అంటే విలువైన లోహాలను తూచే కొలమానమైన ట్రాయ్ ఔన్సులో సగం తూగుతుంది. దాన్ని సున్నితమైన త్రాసులో తూచి, వ్యాసం 28 మిల్లీమీటర్లు ఉందో లేదో కొలవాలి. ఏ నాణేన్నైనా అంచులతోనే పట్టుకోవాలి, ఎన్నడూ తోమకూడదు.