నేల పెంకు పురుగు ఏ జాతిదో, ఎక్కడ ఉంటుందో తేల్చుకోవడం

రాయి ఎత్తగానే నల్లగా మెరుస్తూ పరుగెత్తిన ప్రతి పురుగూ నేల పెంకు పురుగుల కుటుంబానిది, అంటే కారబిడేది కాదు. దాన్ని గాజు సీసాలోకి తీసుకుని, పది రెట్ల భూతద్దంతో ముందు అడుగుభాగం చూడండి. వెనక కాలి తొడ మొదట్లో చిక్కుడు గింజలా ఉబ్బిన ముక్క కనిపించాలి. ఆపైన పాదాల కణుపులు లెక్కపెట్టండి: ఆరు కాళ్లకూ అయిదేసి ఉండాలి. వెనక పాదాల్లో నాలుగే తేలితే అది వేరే కుటుంబానికి చెందిన డార్క్‌లింగ్ బీటిల్; కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది దీని దగ్గరే. పురుగును కళ్లకు మరీ దగ్గరగా పెట్టుకోకండి, కారబిడేలోనే ఉన్న బాంబార్డియర్ బీటిల్ చిమ్మే ద్రవం దాదాపు 100 డిగ్రీల వేడి.

జాతి తేల్చేటప్పుడు రంగును నమ్మకండి. అప్పుడే ప్యూపా నుంచి వచ్చిన నల్ల పురుగు కూడా కొన్నాళ్లు లేత గోధుమరంగులో, మెత్తగా ఉంటుంది. కంటి పైనున్న పొడవాటి వెంట్రుకలు ఎన్ని, తలకూ రెక్కలకూ మధ్యనున్న పలక వెనక మూలలు గుండ్రమా కోణమా, రెక్క పెంకుల గీతల మధ్య గుంటలు ఎక్కడ ఉన్నాయి అన్నవి చూడాలి. హార్పాలస్ ప్రజాతికి (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు, జీనస్) ఒక్కో కంటి పైన ఒక్క వెంట్రుకే. అది రాలిపోయినా మొలిచిన గుంట మిగులుతుంది, దాన్నే లెక్కించండి. బాగా దగ్గరి జాతుల్ని మగదాని జననాంగం చూస్తే తప్ప విడదీయలేం. అది చూడలేనప్పుడు ప్రజాతి పేరు రాసి ఆగిపోవాలి. ఊహించి రాసిన జాతి పేరు వల్ల నష్టమే ఎక్కువ.

ఉండే చోటు తెలియాలంటే గుంట ఉచ్చు పెట్టండి. సుమారు 8 సెంటీమీటర్ల వెడల్పున్న గ్లాసును అంచు నేలతో సమంగా ఉండేలా పాతండి. అంచు కాస్త పైకి లేచినా పురుగు పక్కకు తిరిగిపోతుంది. పైన 3 సెంటీమీటర్ల ఎత్తున పలక నిలబెట్టకపోతే వానకు నిండుతుంది. బతికి ఉండాలంటే అడుగున ఎండుటాకులు వేసి రోజూ పొద్దున్నే చూడాలి, లేదంటే పెద్దవి చిన్నవాటిని తినేస్తాయి. ఎక్కువ పడిన జాతే అక్కడ ఎక్కువగా ఉందనుకోకండి, ఎక్కువ తిరిగేది ఎక్కువ పడుతుంది.

నీటి ఒడ్డున ఉచ్చు అక్కర్లేదు. తడి ఇసుక మీదా కంకర మీదా నీళ్లు చల్లితే బెంబిడియాన్ ప్రజాతి లాంటి చిన్న నేల పెంకు పురుగులు వాటంతటవే బయటికొస్తాయి.

లేబుల్ మీద తేదీ, అక్షాంశ రేఖాంశాలతోపాటు నేల ఇసుకా బంకమన్నా, తేమ, నీడ ఎంత, పురుగు ఎలా దొరికింది అన్నవీ అక్కడికక్కడే రాయండి. దీపానికి వచ్చినదైతే ఆ మాట తప్పక ఉండాలి. ఎగరగలిగే జాతులు వేరేచోటి నుంచి వచ్చి వాలుతాయి.