అనంతపురంలో మొదటి ఇల్లు: అడ్వాన్సు ఇచ్చే ముందు జాగ్రత్తలు

☐ చేతిలో ఎంత ఉండాలో ముందు తేల్చుకోండి. రుణం 30 లక్షల లోపైతే బ్యాంకు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చు, తప్పక ఇస్తుందని కాదు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులను సాధారణంగా ఆ విలువలో కలపరు. ఈ ఖర్చు మరిచిపోయి ఆఖరి వారంలో నగలు తాకట్టు పెట్టే పరిస్థితి ఏ ఇంటికీ రాకూడదు.

☐ ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద వడ్డీ రాయితీకి ఏడాది ఆదాయం 9 లక్షలు, ఇంటి విలువ 35 లక్షలు, రుణం 25 లక్షలు దాటకూడదు. దేశంలో ఎక్కడా కుటుంబానికి పక్కా ఇల్లు ఉండకూడదు. గరిష్ఠంగా 1.80 లక్షలు, అదీ ఐదు వార్షిక వాయిదాల్లో రుణ ఖాతాకే చేరుతుంది. అంటే అడ్వాన్సుకు అది అక్కరకు రాదు. "రాయితీతోనే అడ్వాన్సు సర్దేస్తాను" అనే దళారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

☐ పీఎఫ్ ఉన్నవారు ఇంటి కోసం కొంత తీసుకోవచ్చు. వివరాల్లో పేరు, పుట్టిన తేదీ తేడా ఉంటే ముందే సరిచేయించుకోండి.

☐ ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), లింకు దస్తావేజులు (ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు), లేఅవుట్ అయితే అహుడా (అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి చూడండి.

☐ రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) పరిధిలోని ప్రాజెక్టులో రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి అడగడం చట్టవిరుద్ధం. ఎంత తెలిసినవారైనా సరే, చెల్లింపు బ్యాంకు ద్వారానే చేసి రసీదు తీసుకోండి.