జెమాలజీ నేర్చుకోవాలనుకునే నల్లగొండ, పాలమూరు పిల్లలకు: ఫీజు కట్టే ముందు చేయాల్సిన పనులు

ఇంటర్ అయిపోయి ఏం చేయాలె అని చూస్తున్నోళ్లు, అవుసుల పని ఉన్న ఇండ్ల పిల్లలు, బంగారం షాపులల్ల సేల్స్ చేస్తున్నోళ్లు, జెమాలజీ, అంటే నగల రాళ్లను గుర్తుపట్టే చదువు, నేర్చుకుంటే ఎట్లుంటది అని అడిగేటోళ్లు ఈ మధ్య ఎక్కువైన్రు. మంచి చదువే, మనదిక్కు ఇది తెల్సినోళ్లు తక్కువ కాబట్టి అవసరం కూడ ఉన్నది. కాకపోతే చాలామంది ముందుగాల్నే లక్షలు పెట్టి కోర్సుల చేరుతరు, సర్టిఫికెట్ వస్తది, ఆ తర్వాత ఎవరన్న ఒక ఎర్రరాయి చేతుల పెట్టి ఇదేందో చెప్పు అంటే ఏం చెప్పాల్నో తెల్వదు. ఈ పనిల చదువు అంటే ఎన్ని రాళ్లు చేత్తో పట్టుకొని చూసినమన్నదే. అందుకే నేను చెప్పే వరుస ఉల్టా ఉంటది, ముందు రాళ్లు, తర్వాత పుస్తకం, ఆ తర్వాతనే ఫీజు.

అన్నిటికన్న ముందు కంటి డాక్టర్ దగ్గరికి పోయి రంగులు సరిగ్గ కనబడుతున్నయా లేదా టెస్ట్ చేయించుకోండి. రంగు చుక్కల మధ్యల అంకె ఏదో చెప్పమంటరు, పెద్దగ టైం పట్టదు. ఎరుపుకు ఆకుపచ్చకు తేడా సరిగ్గ తెల్వనోళ్లు ముఖ్యంగ మగపిల్లలల్ల కొందరుంటరు, పెద్దయినా వాళ్లకే ఆ సంగతి తెలిసుండదు. అట్లుంటే రంగురాళ్ల గ్రేడింగ్ కష్టం, కంప్యూటర్ల నగల డిజైన్ గీసే క్యాడ్ పనో, రాళ్లు పొదిగే సెట్టింగ్ పనో చూసుకోవచ్చు. కోర్సుల చేరినంక తెలిస్తే పైసలు పాయె, టైం పాయె.

తర్వాత సామాను. 10ఎక్స్ ట్రిప్లెట్ లూప్ ఒకటి, అంటే పది రెట్లు పెద్దగ చూపించే చిన్న భూతద్దం, ట్వీజర్ ఒకటి, చిన్న టార్చ్, తెల్ల కాయితం, నల్ల కాయితం, మెత్తటి బట్ట. మొదలుపెట్టేతందుకు ఇవి చాలు. ఆన్‌లైన్ల 30ఎక్స్, 60ఎక్స్ అని అమ్మే లూపులు కొనకండి, ఈ లైన్ల ఎక్కడికి పోయినా 10ఎక్స్ తోనే మాట్లాడుతరు, వజ్రం క్లారిటీ గ్రేడ్ కూడ ఆ సైజుల ఏం కనబడుతదో దాన్ని బట్టే ఇస్తరు.

రాళ్లు ఎక్కడ దొరుకుతయి అంటే మీ ఊర్ల అవుసులాయన దగ్గరే. పాత నగ కరిగించే ముందు రాళ్లు తీసి ఒక డబ్బల ఏస్తరు, చాలావరకు వాటికి విలువ ఉండదు కాబట్టి మర్యాదగ అడిగితే పిరికెడు ఇస్తరు. నల్లగొండలైనా మహబూబ్‌నగర్లైనా క్లాక్ టవర్ దిక్కు నగలు రిపేర్ చేసే చిన్న దుకాణాలల్ల అడిగి చూడండి. హైదరాబాద్ పోయినప్పుడు పత్తర్‌గట్టి, లాడ్ బజార్ తిరిగి చవక రకం గార్నెట్, అమెథిస్ట్, సిట్రిన్, సీజెడ్ (వజ్రం లెక్క కనబడే తయారుజేసిన రాయి), గాజు రాళ్లు తలా కొన్ని తెచ్చుకోండి. కృష్ణ ఒడ్డున బీచుపల్లి దిక్కు ఉండేటోళ్లు గులకరాళ్లల్ల అగేట్, జాస్పర్ ముక్కలు ఏరుకోవచ్చు, పైసల్ తీసుకురావు గని రాయిని చూసుడు నేర్పిస్తయి.

ఇగ చూసుడు ఎట్లనంటే, లూప్‌ను కంటికి ఆనిచ్చినంత దగ్గర పెట్టాలె, రాయిని లూప్ దిక్కు తేవాలె, మధ్యల ఒక ఇంచు ఉంటది. రెండు కండ్లు తెరిచే ఉండాలె, ఒకటి మూస్తే కాసేపటికే తలనొప్పి లేస్తది. రెండు చేతులు ఒకదానికొకటి ఆనించుకుంటే వణుకు తగ్గుతది. రాయిని బట్టతోని గట్టిగ తుడిచినంకనే చూడాలె, లేకుంటే పైనున్న దుమ్మును లోపలి మచ్చ అనుకుంటరు. రంగు చూసేటప్పుడు మాత్రం పొద్దుపూట వాకిట్ల నీడపట్టున, తెల్లకాయితం మీద పెట్టి చూడండి. షాపుల పసుపు లైట్ల కింద ప్రతి కెంపు బాగనే కనబడుతది.

అవుసులాయన డబ్బలకెల్లి ఒక ఎర్రరాయి తీసుకుందాం. టార్చ్ పక్కకెల్లి కొట్టి, కింద నల్లకాయితం పెట్టి, మెల్లగ తిప్పుకుంట చూడండి. లోపల వంపు తిరిగిన సన్నటి గీతలు ఒకదాని పక్కన ఒకటి కనబడితే అది భూమిల పుట్టిన కెంపు కాదు, మంటల కరిగించి చేసిన సింథటిక్ రూబీ. గుండ్రటి గాలి బుడగలు దాంట్ల కూడ ఉండొచ్చు, వట్టి గాజుల కూడ ఉండొచ్చు. ఫ్రాన్స్‌ల వెర్నూయ్ అనే ఆయన 1902ల ఈ పద్ధతి బయటపెట్టిండు, అంటే మీ నాయనమ్మ నగల ఉన్నా సరే రాయి సింథటిక్ అయి ఉండొచ్చు, నగ పాతది కాబట్టి రాయి అసలుదే అనే లెక్క చెల్లదు. అసలు కెంపుల గీతలుంటే సీదాగ, మూలలు తిరిగి ఉంటయి, సన్నటి సూదుల గుంపులు ఉంటయి, వాటిని సిల్క్ అంటరు. ఇంకొక రకం ఉంటది, పగుళ్లు నిండిన నాసిరకం కెంపుల సీసం గాజు నింపి అమ్ముతరు, రాయిని తిప్పుతుంటే ఆ పగుళ్లకాడ నీలం మెరుపు కొడతది. అది అసలు కెంపు ముక్కనే కానీ రేటు దానిది కాదు, నిమ్మరసం పడ్డా, అవుసులాయన మంట తగిలినా ఆ గాజు చెడిపోతది.

గోమేధికం చూస్తే లోపల బెల్లం పాకం కదిలినట్టు గజిబిజిగ ఉంటది, ఒక్కసారి చూస్తే మళ్ల మర్చిపోరు. వైడూర్యం అని అమ్మే చవక రాళ్లు చాలావరకు గాజు ఫైబర్‌తోని చేసినయి, పక్కకెల్లి లూప్‌తోని చూస్తే చిన్నచిన్న ఆరుపలకల గళ్లు కనబడుతయి.

చూపు అలవాటైనంక కాంట కొనండి, గ్రాముల మూడు పాయింట్ల దాక చూపించే క్యారెట్ కాంట. 1 క్యారెట్ అంటే 0.2 గ్రాము. ఈ కాంట, ఒక చిన్న గ్లాసు నీళ్లు, దారం ఉంటే ఇంట్లనే రాయి సాంద్రత తీయొచ్చు, ఇది మాత్రం అందరు చేసి చూడాలె. ముందు రాయిని పొడిగ తూకం ఏయండి, 2.000 గ్రాములు వచ్చింది అనుకుందాం. తర్వాత నీళ్ల గ్లాసును కాంట మీద పెట్టి సున్న చేయండి. రాయికి సన్నటి దారం కట్టి నీళ్లల్ల ముంచండి, అడుగుకు గని అంచుకు గని తగలొద్దు, చేత్తో ఏలాడదీసి పట్టుకోవాలె, రాయికి బుడగలు అంటుకుంటే దులపాలె. ఇప్పుడు కాంట ఒక అంకె చూపిస్తది. పొడి బరువును ఆ అంకెతోని భాగిస్తే సాంద్రత వచ్చేస్తది. కాంట 0.500 చూపిస్తే 4.00, అంటే సఫైర్ జాతి, నీలం, అసలు పుష్యరాగం ఈ జాతియే. 0.567 చూపిస్తే 3.53 దగ్గర, అది టోపాజ్. 0.755 చూపిస్తే 2.65, అది సిట్రిన్, అంటే క్వార్ట్జ్. పుష్యరాగం అడిగితే మన మార్కెట్ల ఈ మూడూ చూపిస్తరు, రేట్ల మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంటది, ఒక గ్లాసు నీళ్లతోని ఆ తేడా తేలిపోతది. రాయి ఎంత పెద్దగుంటే లెక్క అంత సరిగ్గ వస్తది, 1 క్యారెట్ కన్న చిన్న రాళ్లకు ఇంట్ల నమ్మకం పెట్టుకోవద్దు. ముత్యం, పగడం, ఫిరోజా లాంటియి ఈ పరీక్షకు దూరం పెట్టండి. ఇంకొక సంగతి, సింథటిక్ సఫైర్‌కు కూడ 4.00 ఏ వస్తది, ఎందుకంటే పదార్థం ఒకటే. సాంద్రత రాయి ఏ జాతో చెప్తది, భూమిలదా ఫ్యాక్టరీదా అన్నది మళ్ల లూప్ తోనే చూడాలె.

ఆ తర్వాత వచ్చే పరికరం రిఫ్రాక్టోమీటర్, వెలుగు రాయిలకు పోయినప్పుడు ఎంత వంగుతదో కొలుస్తది. కెంపు, నీలం 1.762 నుంచి 1.770, పచ్చ 1.58 దగ్గర, క్వార్ట్జ్ 1.544 నుంచి 1.553. స్పినెల్ అని కెంపు లెక్క కనబడే ఇంకొక రాయి ఉంటది, దానిది 1.718 దగ్గర ఒకటే రీడింగ్, కెంపుకు రెండు వస్తయి, చూపుకు మాత్రం రెండూ ఎర్రగనే ఉంటయి. ఖర్చు ఎక్కువ కాబట్టి ఇది కోర్సుల నేర్చుకోవచ్చు, తొందర లేదు.

వజ్రాల సంగతి వేరే చెప్పాలె, ఎందుకంటే మనదిక్కు ఆశ దానిమీదనే ఎక్కువ. తొలకరి పడంగనే గద్వాల అవతల కర్నూలు దిక్కు తుగ్గలి, జొన్నగిరి చేన్లల్ల వజ్రాల కోసం జనం దిగుతరు, మన పాలమూరోళ్లు కూడ పోతరు. మన దగ్గర నారాయణపేట దిక్కు కింబర్లైట్ రాళ్లు, నల్లగొండ జిల్ల రామడుగు దిక్కు లాంప్రాయిట్ రాళ్లు ఉన్నయని జియాలజిస్టులు గుర్తించిన్రు, వజ్రాలు భూమి లోతుకెల్లి పైకొచ్చేది అసుంటి రాళ్లలనే. అంతమాత్రాన అసుంటి ప్రతి రాయిల వజ్రం ఉండదు, చేను తవ్వుకునుడు మొదలుపెట్టకండి. చేన్ల ఏదన్న మెరిసే రాయి దొరికితే మాత్రం సుత్తెతో కొట్టి చూసుడు వద్దే వద్దు. వజ్రం గీతపడదు గని పగులుతది, నాలుగు దిక్కుల సాఫుగ చీలిపోయే గుణం ఉన్నది దానికి, దెబ్బ తగిలితే ముక్కలైతది. లూప్‌తోని చూడండి, పచ్చి వజ్రం మీద నూనె పూసినట్టు మెరుపు ఉంటది, ముఖాల మీద చిన్న మూడుమూలల గుంటలు కనబడొచ్చు.

షాపు వజ్రాలకు వస్తే వేడి చూసే పెన్ను టెస్టర్ ఒక్కటే నమ్ముకోవద్దు. వజ్రం లెక్క కనబడే మొయిస్సనైట్ అనే వేరే రాయిని కూడ అది వజ్రమే అంటది. మొయిస్సనైట్‌ల లూప్ పెట్టి పక్కకు వంచి చూస్తే అవతలి గీతలు రెండురెండుగ కనబడుతయి, వజ్రంల అట్ల కనబడవు. ఇగ ల్యాబ్‌ల పెంచిన వజ్రం, పెంచే పద్ధతిని బట్టి సీవీడీ అంటరు, హెచ్‌పీహెచ్‌టీ అంటరు, అది నిజంగ వజ్రమే, లూప్‌తోని కూడ టెస్టర్‌తోని కూడ తేల్చలేం, పెద్ద ల్యాబ్ మిషన్లు కావాలె. ఎంత సీనియర్ అయినా దీని దగ్గర ల్యాబ్‌కు పంపుదాం అనే చెప్పాలె. నీలం, కెంపులకు రంగు బాగుపడేతందుకు వేడి పెట్టిన్రా లేదా అన్నది కూడ చానాసార్లు అంతే.

ఇదంత కొన్ని నెలలు చేసినంక మీకు ఇష్టం ఉన్నదా లేదా మీకే తెలుస్తది. అప్పుడు కోర్సు. అమెరికాల 1931ల మొదలైన రాళ్ల చదువు సంస్థ జీఐఏకు ముంబైల స్కూలు ఉన్నది, గ్రాడ్యుయేట్ జెమాలజిస్ట్ కోర్సు ప్రపంచంల ఎక్కడైనా చెల్లుతది, దాని చివరల 20 రాళ్ల పరీక్ష ఉంటది, 20కి 20 కరెక్ట్ చెప్తేనే పాస్. లండన్ల జెమ్-ఏ అనే సంస్థ ఇచ్చే ఎఫ్‌జీఏ పట్టా కూడ అంతే పేరున్నది. రంగురాళ్లు నేర్చుకోవాలంటే జైపూర్ మేలు అని నా అభిప్రాయం, అక్కడ ఐఐజీజే అనే రాళ్లు, నగల చదువు కాలేజీ ఉన్నది, 1972 నుంచి నడుస్తున్న జెమ్ టెస్టింగ్ ల్యాబ్ ఉన్నది, క్లాస్ అయినంక అక్కడి నగల, రాళ్ల మార్కెట్ జోహ్రీ బజార్ల తిరిగితేనే సగం చదువు అయిపోతది. వజ్రాలైతే సూరత్, ఇండియన్ డైమండ్ ఇన్‌స్టిట్యూట్ 1978 నుంచి అక్కడున్నది. డిగ్రీల జియాలజీ చదివినోళ్లకు ఇదంత ఈజీ అయితది, ఉస్మానియాల జియాలజీ ఉన్నది, గని డిగ్రీ లేకున్నా ఈ లైన్లకు రావొచ్చు.

ఎక్కడ చేరినా ముందు ఇవి అడగండి: ఒక్కొక్క స్టూడెంట్‌కు ఒక మైక్రోస్కోప్ ఇస్తరా లేక నలుగురికి ఒకటా, మొత్తం ఎన్ని రాళ్లు చేతికిస్తరు, వాటిల్ల సింథటిక్, ట్రీట్ చేసినయి ఎన్ని, చివరి పరీక్ష రాళ్ల మీదనా కాయితం మీదనా. స్లైడ్లు చూపించి సర్టిఫికెట్ ఇచ్చేకాడ రూపాయి కూడ కట్టకండి, పాత స్టూడెంట్లతోని ఫోన్ల మాట్లాడినంకనే అడ్వాన్స్.

భాష గురించి భయపడేటోళ్లు ఉంటరు. పుస్తకాలు ఇంగ్లీష్‌ల ఉంటయి నిజమే, గని అవే పదాలు మళ్ల మళ్ల వస్తయి, రోజు కొన్ని రాసుకుంటే అలవాటైతది. బజార్ల నడిచేది హిందీ, మనకు చిన్నప్పటినుంచి వచ్చే హిందీతోని జైపూర్ల పని నడుస్తది, మిగతా భాష రెండు నెలలల్ల వాళ్లే నేర్పిస్తరు.

పనుల సంగతి: మొదట దొరికేది సార్టింగ్, అంటే రాళ్లు సైజు, రంగు, క్లారిటీ ప్రకారం వేరు చేసుడు, జీతం తక్కువ, గని రోజంత రాళ్లే కాబట్టి కన్ను పదునైతది, కనీసం ఒక ఏడాది చేయండి. తర్వాత ల్యాబ్‌ల గ్రేడింగ్, పెద్ద నగల కంపెనీలకు రాళ్లు కొనుడు, క్వాలిటీ చెకింగ్. శ్రీశైలం రోడ్డు దిక్కు రావిర్యాలల జెమ్స్ సెజ్, అంటే రాళ్లు, నగల కంపెనీల ప్రత్యేక ఆర్థిక మండలి, ఉన్నది, కల్వకుర్తి, ఆమనగల్లు పిల్లలకు దూరం కాదు, ఆ దిక్కు యూనిట్లల్ల అడిగి చూడండి. అవుసుల ఇండ్లోళ్లకైతే ఇంకొక దారి, బ్యాంకులల్ల బంగారం అప్రైజర్ పని (తాకట్టు నగల విలువ కట్టే పని) తెలిసినోళ్లు రాళ్లు కూడ నేర్చుకుంటే నగల రాళ్ల బరువు ఎంత, బంగారం ఎంత అన్నది ఇంకా గట్టిగ చెప్పగల్గుతరు.

ఊర్ల కూసొని సొంతంగ చేయాలనుకుంటే కూడ పని ఉన్నది. హాల్‌మార్క్ బంగారం, వెండి లాంటి లోహానికే, రాయికి కాదు, ఈ ముక్క చాలామందికి తెల్వదు. పెండ్లి నగలు కొనేటోళ్లు, జాతకం చూసి ఉంగరం చేయించుకునేటోళ్లు రాయి ఏందో తెలుసుకునేతందుకు ఇప్పుడు హైదరాబాద్ పోవాల్సొస్తున్నది. మీరు ఫీజు తీసుకొని చెక్ చేసి ఇవ్వొచ్చు, ఒక్కటే కట్టుబాటు, చెక్ చేసేకాడ రాళ్లు అమ్మొద్దు, అమ్మితే మీ మాట మీద అనుమానం వస్తది. ఆ రాయి గ్రహానికి పనిజేస్తదా అని అడుగుతరు, అది మన పని కాదు, రాయి ఏందో చెప్పుడు వరకే మనది అని మర్యాదగ చెప్పండి.

రాసిచ్చే చీటిల తేదీ, రాయి ఫోటో, నగకెల్లి తీసినంక క్యారెట్లల్ల బరువు, కొలత, రంగు, చేసిన పరీక్షలు, వచ్చిన రీడింగులు, జాతి పేరు, సహజమా సింథటికా, ట్రీట్‌మెంట్ ఆనవాళ్లు కనబడినయా లేదా ఉండాలె. రాయి నగలనే ఉంటే సాంద్రత తీయలేదని రాయండి. తేల్చలేనిది ఉంటే 'ల్యాబ్‌కు పంపాలి' అని అదే చీటిల రాసి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.